ఫ్రటర్నిటీలో చేరతానంటున్న కొడుక్కి అండగా నిలవడమంటే

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ అబ్బాయి టెక్సస్‌లోని ఒక పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో మొదటి సంవత్సరం చదువుతున్నాడు. జనవరిలో మొదలయ్యే సెమిస్టర్‌లో దక్షిణాసియా విద్యార్థుల ఫ్రటర్నిటీ, అంటే దీక్ష తీసుకుని సభ్యులయ్యే మగపిల్లల సోదర సంఘం, ఒకదానిలో చేరతానంటున్నాడు. తొంభైల్లో ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో ర్యాగింగ్ బాధలు పడిన మీ వారు ససేమిరా అంటున్నారు. వద్దంటే చెప్పకుండా చేరిపోతాడేమో, సరేనంటే రేపు ఏదైనా జరిగితే ఆ పాపం మనదేనేమో అని మీరు మధ్యలో నలిగిపోతున్నారు. అమెరికాలో విశ్వవిద్యాలయ విద్యార్థి వ్యవహారాల విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి, ఇటువంటి సంఘాల మీద వచ్చిన ఫిర్యాదుల విచారణల్లో కూర్చున్నదానిగా నాకు తెలిసినది వివరంగా రాస్తున్నాను.

మీ రెండు భయాల్లో మొదటిదే ఎక్కువ నిజం. పద్దెనిమిదేళ్లు నిండిన విద్యార్థి ఫ్రటర్నిటీలో చేరడానికి తల్లిదండ్రుల సంతకం అక్కరలేదు. కాలేజీలో అడుగుపెట్టాక అతని మార్కులు, క్రమశిక్షణ రికార్డుల మీద హక్కు కూడా 1974 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం అతనిదే. ఇరవై ఒకటి నిండని విద్యార్థి మద్యం విషయంలో పట్టుబడితే ఇంటికి తెలియజేసే వెసులుబాటు విశ్వవిద్యాలయానికి ఉంది గానీ, తెలియజేసి తీరాలన్న నిబంధన లేదు. కాబట్టి మీ వారు వద్దని శాసిస్తే, అతడు చేరకపోవచ్చు, చేరినా చేరవచ్చు. కానీ ఆ తర్వాత అక్కడ ఏం జరుగుతోందో మీకు చెప్పడం మాత్రం కచ్చితంగా మానేస్తాడు. నేను చూసిన విచారణల్లో ఎక్కువ నష్టపోయిన పిల్లలు, ఇంట్లో తెలిస్తే ఊరుకోరన్న భయంతో ఎవరికీ నోరు విప్పలేకపోయిన పిల్లలే.

అసలు అతనికి ఈ కోరిక ఎందుకు పుట్టిందో ముందు విని తెలుసుకోండి. యాభై వేలమంది చదివే క్యాంపస్‌లో, డార్మ్ గదిలో పరిచయం లేని రూమ్మేట్‌తో మొదటి సెమిస్టర్ గడిపిన పిల్లవాడికి, తనను పేరు పెట్టి పిలిచి, భోజనానికి తీసుకువెళ్లి, మా వాడివి అని చెప్పేవాళ్లు కనిపిస్తే మనసు అటు లాగడం సహజం. ఈ సంఘాల చరిత్రలోనూ ఆ అవసరమే కనిపిస్తుంది. 1825లో న్యూయార్క్ రాష్ట్రంలోని యూనియన్ కాలేజీలో పుట్టిన కప్పా ఆల్ఫా సొసైటీతో మొదలైన సంప్రదాయం చాలాకాలం శ్వేతజాతి కుర్రాళ్లకే పరిమితమైంది. ఆ తలుపులు తెరుచుకోని నల్లజాతి విద్యార్థులు 1906లో కార్నెల్‌లో ఆల్ఫా ఫై ఆల్ఫాను స్థాపించుకున్నారు. మనలా వలస వచ్చిన కుటుంబాల పిల్లలు పెద్దవాళ్లై కాలేజీలకు చేరిన తొంభైల్లో, 1994లో బింగమ్టన్‌లో అయోటా ను డెల్టా, 1998లో ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో డెల్టా ఎప్సిలాన్ సై, 1999లో లాస్ ఏంజిలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో బీటా కై థీటా వచ్చాయి. ఉద్యోగాలకు సిఫార్సు చేసే సీనియర్లు, సేవా కార్యక్రమాలు, దీపావళి వేడుకలు, పెళ్లిళ్లకు రెక్కలు కట్టుకుని వచ్చే స్నేహితులు, ఇవన్నీ నిజంగా దొరుకుతాయి. వాటిని పొంది, బాగుపడి, ఇప్పుడు కొత్తవాళ్లను కంటికి రెప్పలా చూసుకుంటున్న యువకులను నేను ఎందరినో ఎరుగుదును. మీరు ఈ మేలును ఒప్పుకోకపోతే, ప్రమాదం గురించి మీరు చెప్పేదాన్ని మీ అబ్బాయి వినడు.

ఇక మీ వారి భయం సంగతి. అది అర్థం లేని భయం కాదు, కాకపోతే ఆయన చూసిన ర్యాగింగ్‌కూ, ఇక్కడ సంఘంలో చేరబోయేవాళ్లను అవమానాలకూ ప్రమాదాలకూ గురిచేసే హేజింగ్‌కూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. హాస్టల్లో ర్యాగింగ్ కొత్తగా వచ్చిన ప్రతివాడి మీదా పడేది. ఎవడూ కోరి తెచ్చుకున్నది కాదు, కాబట్టి బాధితుడికి అది అన్యాయమని తెలిసేది. ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే దాన్ని నిషేధిస్తూ చట్టం చేశారు. హేజింగ్ అలా కాదు, తనంతట తాను కోరుకున్న చోటికి ప్రవేశ రుసుములా ఎదురవుతుంది. తాగమనేవాడు అన్న, తాగేవాడు తమ్ముడు, పక్కన తనతోపాటు అదే పరీక్షకు నిలబడిన తోటివాళ్లు. ఇష్టం లేకపోతే వెళ్లిపోవచ్చని పైకి అందరూ చెబుతారు. వెళ్లిపోతే ఆ తోటివాళ్లను నట్టేట ముంచినట్టేనని లోపల ప్రతివాడికీ తెలుసు. అందుకే ఇక్కడ అనేక రాష్ట్రాల చట్టాలు ఒప్పుకోలును లెక్కలోకి తీసుకోవు. టెక్సస్ విద్యా చట్టంలో బాధితుడి అంగీకారం నిందితుడికి రక్షణ కాదని స్పష్టంగా రాసి ఉంది. కళ్లారా చూసి కూడా ఫిర్యాదు చేయకపోవడం సైతం అక్కడ నేరమే. ఈ రెండో విషయం మీ అబ్బాయికి తప్పకుండా చెప్పండి, ఎందుకంటే వచ్చే ఏడాది అతడే సీనియర్ స్థానంలో ఉంటాడు.

చేరే క్రమం మీకు తెలిస్తే ఏ రోజుల్లో జాగ్రత్తగా ఉండాలో తెలుస్తుంది. మొదట రష్ అనే పరిచయ సభలు, ఇంటర్వ్యూలు జరుగుతాయి. ఆ తర్వాత నచ్చినవాళ్లకు బిడ్, అంటే చేరమన్న ఆహ్వానం ఇస్తారు. అక్కడినుంచి కొన్ని వారాలు ప్లెడ్జ్‌గా, ఇప్పటి మాటలో కొత్త సభ్యుడిగా ఉండాలి. చివర రహస్య దీక్షా కార్యక్రమంతో పూర్తి సభ్యుడవుతాడు. దక్షిణాసియా సంఘాల్లో ఇలా పూర్తి చేయడాన్ని క్రాస్ అవడం అంటారు, తర్వాత కొత్త సభ్యులను అందరి ముందు పరిచయం చేస్తూ ప్రదర్శన పెడతారు. ఈ మొత్తంలో ఎక్కువ భయపడవలసిన సందర్భాలు మూడు: బిడ్ అందుకున్న రాత్రి, ప్రతి కొత్తవాడికీ ఒక బిగ్ బ్రదర్‌ను, అంటే అతన్ని చూసుకునే సీనియర్‌ను, ప్రకటించే రాత్రి, దీక్షకు ముందు వచ్చే ఆఖరి వారం.

2017 ఫిబ్రవరి 2న పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో బీటా థీటా పై ఇంట్లో జరిగినది బిడ్ రాత్రే. అది మద్యం నిషిద్ధమని ప్రకటించుకున్న ఇల్లు. పంతొమ్మిదేళ్ల టిమోతీ పియాజా అనే ఇంజనీరింగ్ విద్యార్థికి గంటన్నర కూడా గడవకముందే పద్దెనిమిది సార్లు మద్యం అందించారని ఆ ఇంటి కెమెరాల దృశ్యాల్లో తేలింది. అతడు నేలమాళిగ మెట్ల మీదినుంచి పడిపోయాడు. పైకి మోసుకొచ్చి సోఫాలో పడుకోబెట్టారు. వెల్లకిలా దొర్లి వాంతి గొంతుకు అడ్డం పడకుండా వీపుకు బరువైన సంచి తగిలించారు. ప్రమాదం ఉందని వాళ్లకు తెలుసనడానికి ఆ సంచే సాక్ష్యం. అయినా అత్యవసర సహాయ నంబరు 911కు ఫోన్ చేసింది మర్నాడు పొద్దున, దాదాపు పన్నెండు గంటల తర్వాత. ఫిబ్రవరి 4న అతడు చనిపోయాడు, మరుసటి ఏడాది ఆ రాష్ట్రం అతని పేరుతో కఠినమైన చట్టం తెచ్చింది. 2021 మార్చిలో ఒహాయోలోని బౌలింగ్ గ్రీన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో బిగ్ బ్రదర్ రాత్రి ఒక కొత్త సభ్యుడు ఇచ్చిన సీసా మొత్తం తాగి, గదిలో వదిలి వెళ్లిపోయాక స్పృహ తప్పి, మూడు రోజులకు ప్రాణం విడిచాడు. 2004లో కొలరాడోలోని బోల్డర్‌లోనూ ఇదే వరస: తాగించడం, పడిపోతే నిద్రపోనిమ్మని వదిలేయడం, తెల్లారి చూసుకోవడం. తాగడం ఆపి పడుకున్నాక కూడా కడుపులో ఉన్న మద్యం రక్తంలోకి చేరుతూనే ఉంటుందనీ, అందువల్ల నిద్రలో మనిషి పరిస్థితి ఇంకా దిగజారుతుందనీ ఆ కుర్రాళ్లలో చాలామందికి తెలియదు. మీ అబ్బాయికి మీరు చెప్పవలసిన వైద్య విషయం ఇదొక్కటే, కానీ విడమరిచి చెప్పండి.

వీళ్లంతా మనవాళ్లే కదా, తెలుగు పిల్లలూ గుజరాతీ పిల్లలూ, వాళ్లలో ఆ పెడబుద్ధులు ఉండవులే అని కొందరు తల్లిదండ్రులు నాతో అనేవారు. ఈ నమ్మకానికి ఆధారం లేదు. 2013 డిసెంబరులో న్యూయార్క్‌లోని బరూక్ కాలేజీకి చెందిన ఒక ఆసియా అమెరికన్ ఫ్రటర్నిటీ, పెన్సిల్వేనియాలోని పోకనో కొండల్లో అద్దెకు తీసుకున్న ఇంటి పెరట్లో, మొదటి సంవత్సరం విద్యార్థికి కళ్లకు గంతలు కట్టి, ఇసుక నింపిన సంచి వీపున తగిలించి, గడ్డకట్టిన నేల మీద నడిపిస్తూ ఒకరి తర్వాత ఒకరు గుద్ది పడేశారు. తమ జాతి వివక్షను ఎలా ఎదుర్కొందో నేర్పే కార్యక్రమమని దానికి పేరు. అందులో మద్యం లేదు. అతడు స్పృహ తప్పాక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లకుండా ఇంటర్నెట్‌లో లక్షణాలు వెతుకుతూ కాలం గడిపారు, అతడు చనిపోయాడు. తర్వాత కోర్టు ఆ సంస్థను పెన్సిల్వేనియాలో పదేళ్లపాటు నిషేధించింది. మన పిల్లల సంఘాల్లో పెద్దల మాట కాదనకూడదన్న పెంపకం తోడవుతుంది కాబట్టి, సీనియర్ అన్న చెప్పినదానికి ఎదురు చెప్పలేని మొహమాటం అక్కడ ఇంకా ఎక్కువని నా అభిప్రాయం.

అందుకని ఫ్రటర్నిటీలన్నీ మంచివా చెడ్డవా అన్న చర్చ మానేసి, ఆ క్యాంపస్‌లోని ఆ ఒక్క చాప్టర్, అంటే ఆ సంఘపు స్థానిక శాఖ, గురించి వాకబు చేయండి. పెళ్లి సంబంధం చూసేటప్పుడు ఊరు మంచిదా అని అడిగి ఊరుకోము, ఆ ఇంటి గురించి ఆరా తీస్తాము, ఇక్కడా అంతే. జాతీయ సంస్థ వెబ్‌సైట్‌లో ఉన్న ఆశయాలు ఏ చాప్టర్‌కైనా ఒకటే, నడక మాత్రం చాప్టర్ చాప్టర్‌కూ మారుతుంది, ఒకే చాప్టర్‌లో అధ్యక్షుడు మారితే రెండేళ్లలో మారిపోతుంది. 2024 డిసెంబరులో సంతకమైన స్టాప్ క్యాంపస్ హేజింగ్ చట్టం వల్ల, హేజింగ్ రుజువైన సంఘాల పేర్లు, జరిగినదాని వివరం, తేదీలతో ప్రతి విశ్వవిద్యాలయం ఒక బహిరంగ నివేదిక పెట్టి, ఏడాదికి కనీసం రెండుసార్లు దాన్ని తాజా చేయాలి. అయితే ఈ నివేదికలకు సమాచారం పోగుచేయడం 2025 జులై నుంచే మొదలైంది కాబట్టి, అందులో పేరు లేనంత మాత్రాన పాత చరిత్ర శుభ్రమని అనుకోకండి. టెక్సస్‌లో 2019 నాటి రాష్ట్ర చట్టం వల్ల అంతకుముందు మూడేళ్ల చర్యల వివరాలు కూడా విశ్వవిద్యాలయాలే వెబ్‌సైట్‌లో పెడుతున్నాయి, రెండూ చూడండి. మరొక ముఖ్యమైన సంగతి, ఆ చాప్టర్‌కు విశ్వవిద్యాలయ గుర్తింపు ఇప్పటికీ ఉందా అన్నది. గుర్తింపు రద్దయిన చాప్టర్లు క్యాంపస్ బయట ఇల్లు తీసుకుని వేరే పేరుతో కొత్తవాళ్లను చేర్చుకోవడం నేను చూశాను. వాటికి జవాబుదారీ ఎవరూ ఉండరు. అటువంటి దానిలో అయితే మీరు నిర్మొహమాటంగా వద్దనే చెప్పాలి, కారణం చెప్పి మరీ చెప్పాలి.

మిగిలిన ప్రశ్నలు మీ అబ్బాయి అడగవలసినవి. కొత్త సభ్యుల కార్యక్రమం ఎన్ని వారాలు, దాని లిఖిత ప్రణాళిక చూపిస్తారా, విద్యార్థి కాని సలహాదారు ఎవరు, కిందటి సెమిస్టర్‌లో మధ్యలో మానేసినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లతో మాట్లాడవచ్చా. ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబుతోనే నేను ఒక చాప్టర్‌ను అంచనా వేసేదాన్ని. మానేసినవాడి గురించి మర్యాదగా మాట్లాడి, అతని నంబరు ఇవ్వగల చాప్టర్‌లో దాచవలసినది తక్కువ.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయానికి వస్తున్నాను. మన ఇళ్లలో పిల్లలకు మొదటినుంచీ నూరిపోసే సుగుణం, మొదలుపెట్టినదాన్ని మధ్యలో వదలకూడదన్నది. కుమాన్ లెక్కలైనా కర్ణాటక సంగీతమైనా ఎంట్రన్స్ కోచింగ్ అయినా అదే మాట. ప్లెడ్జ్‌గా ఉన్న వారాల్లో ఆ సుగుణమే అతనికి శత్రువవుతుంది. ఒకసారి మన తెలుగు కుర్రాడొకడు నా గదికి వచ్చి కూర్చున్నాడు. భుజానికి ఒక చిన్న సంచి, దాన్ని కింద పెట్టడానికి కూడా జంకుతున్నాడు. అందులో ఏముందని అడిగితే బల్ల మీద ఒక్కొక్కటే పేర్చాడు: సిగరెట్ పెట్టె, రెండు లైటర్లు, చూయింగ్ గమ్, సభ్యులందరి పేర్లు, ఊళ్లు రాసుకున్న నోటు పుస్తకం. సీనియర్లు ఏది అడిగితే అది క్షణంలో తీసి ఇవ్వాలి. అతడు సిగరెట్ తాగడు. రాత్రి రెండింటికి, మూడింటికి ఫోన్ వస్తే కారు వేసుకెళ్లి తాగి ఉన్నవాళ్లను ఇళ్లకు చేర్చడం అతని పని. పొద్దున ఎనిమిదింటి కెమిస్ట్రీ క్లాసులో నిద్ర. మానేయాలని ఉందా అని అడిగాను. ఉంది, కానీ డ్యూస్ (సభ్యత్వ రుసుము) డబ్బులు నాన్న కట్టేశారు, మూడు వారాలకే పారిపోయానంటే ఏమనుకుంటారు అన్నాడు. అతనికి అడ్డుపడినది ఫ్రటర్నిటీ కాదు, ఇంటికి చేయవలసిన ఆ ఒక్క ఫోన్.

కాబట్టి అతడు చేరకముందే, మీరిద్దరూ కలిసి, మీ వారి నోటితోనే, ఈ మాట చెప్పాలి: ఏ రోజైనా, ఏ గంటకైనా, కారణం చెప్పినా చెప్పకపోయినా నువ్వు మానేయవచ్చు, కట్టిన డబ్బు పోతే పోనీ, ఆ మాట మళ్లీ ఇంట్లో ఎత్తము. ఒక్కసారి చెబితే అతనికి తలకెక్కదు. బిడ్ వచ్చిన రోజు మళ్లీ చెప్పండి, మధ్యలో ఒకసారి చెప్పండి. తోటివాళ్లకు అతడు చెప్పుకోవడానికి ఒక సాకు కూడా మీరే ఇవ్వండి. మా నాన్న ఒప్పుకోవడం లేదు, ఫీజు కట్టనంటున్నాడు అని నెపం మీ వారి మీదికి నెట్టేయమనండి. తండ్రి చెడ్డపేరు మోస్తే కొడుక్కి పరువు దక్కుతుంది, ఇది చాలామంది విషయంలో పనిచేసింది.

ఫోన్ విషయంలో రెండు ఒప్పందాలు చేసుకోండి. ఒకటి, అతడు మీకు పంపగల మామూలు వాక్యం ఏదైనా ముందే అనుకోండి, అమ్మమ్మకు ఎలా ఉంది అన్నా చాలు. అది చూడగానే మీరు ఫోన్ చేసి, వెంటనే బయలుదేరి రమ్మన్నట్టు మాట్లాడాలి. కొత్తవాళ్ల ఫోన్లు లాక్కునే కార్యక్రమం ఏదైనా ఎదురైతే అక్కడినుంచే వెనక్కి వచ్చేయాలని కూడా అతనికి తెలియాలి. రెండోది, ఎవడైనా లేపినా లేవకపోతే, వాంతి చేసుకుంటూ స్పృహలో లేకపోతే, ముందు 911, తర్వాతే చాప్టర్ అధ్యక్షుడు. ఇరవై ఒకటి నిండనివాడు తాగి ఉన్నా సరే, సాయం కోసం మొదట ఫోన్ చేసి, అక్కడే ఉండి, వచ్చినవాళ్లకు సహకరిస్తే మైనరు మద్యం కేసు పెట్టకుండా టెక్సస్ చట్టం రక్షణ ఇస్తుంది. సకాలంలో సాయం పిలవకపోవడమే పైన రాసిన కథలన్నిటిలోనూ కనిపిస్తుంది.

మీ వారికి నా విన్నపం ఒకటి. ఆయన తన హాస్టల్ రోజుల గురించి కొడుక్కి ఎప్పుడైనా చెప్పారా? ఎక్కువమంది తండ్రులు చెప్పరు, చెప్పినా నవ్వుకునే కథగా మార్చి చెబుతారు. ఏం చేయించారో, ఎవరికీ చెప్పుకోలేక ఎలా ఉన్నారో, ఆ మర్నాడు మెస్‌లో అదే సీనియర్ పక్కన కూర్చుని తినవలసి వచ్చినప్పుడు ఏమనిపించిందో ఉన్నదున్నట్టు చెప్పమనండి. వీలైతే, తర్వాతి సంవత్సరం తాను సీనియర్ అయ్యాక ఏం చేశారో కూడా. నిషేధం కంటే ఆ మాటలే మీ అబ్బాయి మీద ఎక్కువ పనిచేస్తాయని నేను గట్టిగా నమ్ముతున్నాను.

డబ్బు, చదువు గురించి క్లుప్తంగా. డ్యూస్ చాప్టర్‌ను బట్టి సెమిస్టర్‌కు కొన్ని వందల డాలర్లనుంచి, సొంత ఇల్లున్న సంఘాల్లో వేల డాలర్ల వరకు ఉంటాయి. మొదటి సెమిస్టర్‌లో అదనపు రుసుములు వేరే. మొత్తం ఎంతో కాగితం మీద అడగండి, కొంత భాగం అతని సంపాదనలోనుంచే కట్టించండి. జీపీఏ ఇంత తగ్గితే ఆ సెమిస్టర్ పదవులు తీసుకోకూడదన్న నియమం ముందే పెట్టుకోండి. మెడిసిన్‌కు వెళ్లే ఆలోచన ఉంటే, వైద్య కళాశాలల ఉమ్మడి దరఖాస్తులో కాలేజీ తీసుకున్న క్రమశిక్షణ చర్యలను వెల్లడించవలసి ఉంటుందని గుర్తుంచుకోండి. ఇంకొక మాట మీ కుటుంబానికి వర్తిస్తుందో లేదో నాకు తెలియదు గానీ, గ్రీన్‌కార్డు వరుసలో ఏళ్ల తరబడి నిలబడి ఉన్న మన కుటుంబాల కోసం రాస్తున్నాను. అబ్బాయి హెచ్-4 (ఉద్యోగి కుటుంబ సభ్యుల) వీసా మీదో ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీదో ఉంటే, తాగి కారు నడిపిన కేసులో అరెస్టయితే చాలు, శిక్ష పడకముందే వీసా రద్దయ్యే ప్రమాదం ఉంది. పౌరసత్వం ఉన్న స్నేహితుడికి జరిమానాతో పోయేది ఇతనికి చదువునే దూరం చేయవచ్చు.

ఇవన్నీ చూసుకున్నాక చాప్టర్ సరైనదే అనిపిస్తే, అయిష్టంగా తలూపి ఊరుకోకండి. అతని కొత్త స్నేహితులను సంక్రాంతికో ఉగాదికో ఇంటికి భోజనానికి పిలవండి, పేర్లు తెలుసుకోండి, బిగ్ బ్రదర్ ఎవరో అతని నంబరు మీ ఫోన్‌లో ఉంచుకోండి. కొత్త సభ్యుల ప్రదర్శనకు తల్లిదండ్రులను రానిస్తే వెళ్లండి. ఇంటికి వెళ్లి ఆ తల్లి చేతి పులిహోర తిన్న సీనియర్, ఆ కుర్రాడి విషయంలో కొంచెం వెనకా ముందూ ఆలోచిస్తాడు. ఇది నేను గమనించిన సంగతి. అలాగే బిడ్ రాకపోవడానికి కూడా సిద్ధంగా ఉండండి. చాలామందికి రాదు, అది తెలిసిన రాత్రి పద్దెనిమిదేళ్లవాడికి చాలా బరువుగా ఉంటుంది. పోనీలే, మంచిదే అయింది అని ఆ రోజు మీ వారు పొరపాటున కూడా అనకూడదు. వారాంతానికి ఇంటికి రమ్మనండి, లేదా మీరే వెళ్లి రండి. రెండు మూడు వారాలు గడిచాక క్రికెట్ క్లబ్బు, తెలుగు విద్యార్థి సంఘం, డాన్స్ టీమ్, ఇంజనీరింగ్ ప్రాజెక్టు బృందాల వంటి వాటి గురించి అతడే ఎత్తితే మాట్లాడండి. మళ్లీ వచ్చే సెమిస్టర్‌లో అదే చాప్టర్‌కు ప్రయత్నిస్తానంటే, ఆ నివేదికలు తాజా అయ్యాయేమో మరొకసారి చూసి, అప్పుడు కూడా ఇవే మాటలు మొదటినుంచి మాట్లాడుకోండి.